మోగని మూల

జయరామప్పకు ఆ తెల్లాయన మీద మొదటి రోజే అనుమానం పుట్టింది. కాదు, నిజం చెప్పాలంటే ఆయన మొహం చూడకముందే పుట్టింది. "మన పోత ముక్కను పాస్ చేసేదానికి జర్మనీ నుంచి మనిషొస్తా ఉండాడు" అని ఆఫీసువాళ్ళు చెప్పినప్పుడు, "పాస్ చేసేదానికా, ఫెయిల్ చేసేదానికా?" అని అడిగినవాడు జయరామప్ప. అనుమానానికి మందు లేదంటారు. ఉన్నా మింగే రకం కాదు మనవాడు.

తెల్లాయన పేరు వెర్నర్. డెబ్బైకి ఒకటో రెండో తక్కువ. బక్కపలచని మనిషి, చేతులు మాత్రం ఆ ఒంటికి సరిపడనంత పెద్దవి. బెంగళూరులో విమానం దిగి, జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీల మధ్య గంటన్నర ఇరుక్కుని, హోసూరులో ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే ఆ ఫౌండ్రీ గేటు ముందు కారు దిగేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఇంకెవరైనా అయితే మంచినీళ్ళడుగుతారు. ఈయన చేతిసంచిలోంచి జానెడు సుత్తి తీశాడు. గేటు పక్కన తుక్కుకుప్పలో పడున్న పాత ఇనుప ముక్కను ఒక్కటి వేశాడు. టంగుమంది. చెవి ఒగ్గి విని, తల ఊపి, అప్పుడు లోపలికి నడిచాడు. క్రేను నడిపే వేలు అనేవాడు అది చూసి పకపకా నవ్వి "సుత్తి తాత" అని పేరు పెట్టేశాడు. సాయంత్రానికల్లా ఆ పేరు ఫౌండ్రీ అంతా పాకింది.

జయరామప్ప నవ్వలేదు. నవ్వడానికి తీరిక ఎక్కడిది? చేతితో ఇసుక అచ్చులు కట్టే షెడ్డుకు అతను ఫోర్‌మన్. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. షెడ్డులో నలభై రెండు మంది మనుషులు. సగం మందిని ఉద్దనపల్లి చుట్టుపక్కల గొర్రెల వెంట, టమాట తోటల వెంట తిరుగుతుంటే తానే పిలుచుకొచ్చి పని నేర్పాడు. ఇప్పుడు ఆ నలభై రెండు మంది కూడు ఒక్క ఇనుప ముక్క మీద ఆధారపడి ఉంది. జర్మనీలో భారీ యంత్రాలు తయారుచేసే కంపెనీ ఒకటి, తన యంత్రం కింద వేసే నాలుగు టన్నుల పీఠాన్ని ఇక్కడ పోయించుకోవాలనుకుంది. ముందు ఒక్కటి చేసి చూపాలి. అది పాసయితే మూడేళ్ళ ఆర్డరు. కాకపోతే ఆర్డరు చైనాకు.

యజమాని ధనుంజయ్ ఈ మాట దాచలేదు. "ఇది పోతే చేతి షెడ్డు మూసేస్తాను జయరామప్పా. ఆ జాగాలో ఆటోమేటిక్ లైను వేసుకుంటాను. చైనావాడి రేటు ముందర మనం చేతులు పెట్టుకొని ఎన్నాళ్ళు నిలబడేది?" అన్నాడు. అన్నవాడు కాఫీ తాగుతూ అన్నాడు. విన్నవాడికి ఆ రోజు ముద్ద గొంతు దిగలేదు.

అంతటి బరువు నెత్తిన పెట్టుకున్నవాడి చుట్టూ ఒక పరాయి మనిషి సుత్తి పట్టుకుని తిరుగుతుంటే ఎట్లా ఉంటుందో చెప్పండి. సుత్తి తాత ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని నలిపేవాడు. వాసన చూసేవాడు. ఒకసారి నాలుకకు కూడా తగిలించుకున్నాడని వేలు ప్రమాణం చేసి చెప్పాడు. ఎవరేం చేస్తున్నా వెనక నిలబడి చూసేవాడు గానీ పెదవి విప్పేవాడు కాదు. మధ్య మధ్య జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో గీసుకునేవాడు.

"ఏం రాస్తా ఉండాడమ్మా ఆ పుస్తకంలో?" అని జయరామప్ప టీ వేళకు హేమావతిని అడిగాడు. హేమావతి క్వాలిటీ ఇంజనీరు. ఖమ్మం వైపు పిల్ల, హోసూరు వచ్చి ఏడాది. ఫౌండ్రీలో తెల్లాయనతో ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడగలిగింది ఆ అమ్మాయి ఒక్కతే.

"ఏముందండీ జయరామప్పగారూ, బొమ్మలు గీసుకుంటారు. మన అచ్చు కట్టే పద్ధతి ఆయనకు బాగా నచ్చిందట."

"గారూ గీరూ వద్దులేమ్మా, నాకు చలిజ్వరం వచ్చినట్ల అయితాది. నచ్చితే మొహం అట్ల పెట్టుకుంటారా ఎవరైనా? సావింటికి పోయొచ్చినోడు మాదిరి!"

హేమావతి నవ్వబోయి ఆగిపోయింది. "పాపం, ఆయన కథ వేరేలెండి. ఆయన పనిచేసిన ఫౌండ్రీ మూతపడిందట. నూరేళ్ళ పైబడిన ఫౌండ్రీ. వాళ్ళ తాత, నాన్న కూడా అక్కడే అచ్చులు కట్టారట. తక్కువ ధరకు బయటి దేశం నుంచి పోత ముక్కలు రావడం మొదలయ్యాక ఆరేళ్ళు కూడా నిలవలేదట."

"బయటి దేశమంటే? చైనానా?"

"కాదండీ," అంది హేమావతి గ్లాసు కింద పెడుతూ. "మన దేశమే. అప్పట్లో మొదట వెళ్ళినవి హోసూరు నుంచేనట."

జయరామప్ప చేతిలోని టీ అట్లాగే ఉండిపోయింది. అదీ సంగతి! కొంప ముంచినవాళ్ళ కొంపకే తీర్పరిగా వచ్చాడా? గొర్రెల మందకు తోడేలును కాపలా పెట్టడమంటే ఇదే మరి. ఎవడైనా కడుపు మండినవాడు కడుపు కొట్టకుండా పోతాడా? తానైతే పోడు. ఆ ఒక్క ఆలోచన చాలు, జయరామప్ప ఏ గజంబద్దతో లోకాన్ని కొలుస్తున్నాడో తెలియడానికి.

మరునాడు పొద్దున ఇంకొకటి జరిగింది. ఇసుక అచ్చు చెదరకుండా చుట్టూ ఇనుప చట్రాలు ఉంటాయి. వాటిని బాక్సులంటారు. పీఠానికి వాడుతున్న పెద్ద బాక్సులు ఎప్పుడో పన్నెండేళ్ళ కిందట పాత సామాను కింద విదేశం నుంచి కంటైనరులో వచ్చినవి. ఎన్ని పోతలు చూశాయో, వాటి మీద మసి, రంగు పొరలు పొరలుగా పేరుకుపోయి ఉంటాయి. షిఫ్టు మొదలవకముందే వచ్చిన వేలు, క్రేను మెట్ల మీద నుంచి చప్పుడు కాకుండా దిగి జయరామప్పను మోచేత్తో పొడిచాడు.

"అన్నా, ఆడ చూడన్నా."

సుత్తి తాత బాక్సు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో చిన్న చాకు. దాంతో బాక్సును గీకుతున్నాడు. గీకి, వేలితో తడిమి, మళ్ళీ గీకుతున్నాడు. వీళ్ళ అడుగుల చప్పుడు విని దిగ్గున లేచాడు. చాకు జేబులో వేసుకుని, రుమాలుతో మొహమంతా తుడుచుకుని, పలకరించకుండానే వెళ్ళిపోయాడు.

"ఫోటో తీసినానన్నా," అన్నాడు వేలు ఫోను చూపిస్తూ. "ఏదో మందు గిందు పెట్టినాడేమో."

జయరామప్ప బాక్సు అంతా వంగి వంగి చూశాడు. గీతలు తప్ప ఏమీ కనిపించలేదు. కనిపించకపోవడంతో అనుమానం తగ్గాలి కదా? రెట్టింపయింది. కనిపించేటట్లు చేస్తే వాడు గట్టివాడెట్లా అవుతాడు మరి!

ఆ సాయంత్రం ఇంటికి పోయి కాళ్ళు కడుక్కుంటూ పెళ్ళాం శశికళకు ఇదంతా చెప్పాడు. ఆమె గులాబీ తోటలో కూలికి పోయి వచ్చి, వేళ్ళలో దిగిన ముళ్ళు తీసుకుంటూ కూర్చుంది. అంతా విని, "ఆయప్ప ఏమన్నా చేసినాడో లేదో గానీ, నువ్వు మాత్రం రెండు దినాలుగా పనిని చూస్తా లేవు, ఆయప్పనే చూస్తా ఉండావు" అంది. ఈ మాట ఎంత ఖరీదైనదో అప్పుడు అతనికి తెలియలేదు. "ఆడోళ్ళకు ఫౌండ్రీ సంగతి ఏం తెలుస్తాదిలే" అని సంగటి ముందు కూర్చున్నాడు.

పోత రోజు వచ్చింది. అక్టోబరు ముసురు. షెడ్డు రేకుల మీద సన్నగా చినుకులు పడుతున్నాయి.

ఇక్కడ ఒక పని సంగతి చెప్పాలి. ఇసుక అచ్చు కట్టాక లోపల నల్లటి రంగు పూస్తారు, ఇనుము ఇసుకకు అంటుకోకుండా. ఆ రంగులో స్పిరిట్ కలిపి ఉంటుంది. అగ్గిపుల్ల గీసి అంటిస్తే నీలి మంట అచ్చు అంతా పాకి, రంగు ఆరిపోతుంది. పైకి ఆరినట్టే ఉంటుంది. లోతైన మూలల్లో మాత్రం రంగు మడుగు కడుతుంది. పైన పొర కట్టి అడుగున తడి మిగులుతుంది. ఆ తడి మీద కాగిన ఇనుము పడిందంటే ఆవిరి పుట్టి, బయటపడే దారి లేక ఇనుములోనే బుడగలై నిలిచిపోతుంది. అందుకని జయరామప్పకు ఒక నియమం. పై బాక్సు మూసే ముందు తన చేతి వెనక భాగాన్ని ప్రతి మూలకూ ఆనించి చూస్తాడు. తడి ఉంటే చల్లగా తగులుతుంది. అరచేయి కాయలు కాసి మొద్దుబారి ఉంటుంది కాబట్టి చేతి వెనక భాగమే పెట్టాలి. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వేల అచ్చులు మూసి ఉంటాడో, చెయ్యి పెట్టకుండా ఒక్కటి మూయలేదు. కొత్తవాళ్ళకు మొదటి పాఠం కూడా అదే. "కండ్లు అబద్ధం చెప్తాయి, చెయ్యి చెప్పదు" అనేవాడు.

ఆ రోజు ఫర్నేసులో ఇనుము కరిగి సిద్ధంగా ఉంది. హేమావతి కరిగిన ఇనుము శాంపిలు పట్టుకుని ల్యాబుకు పరుగెత్తింది. జయరామప్ప అచ్చు మీదకు వంగి ఒక్కొక్క మూలా చూసుకుంటూ వస్తున్నాడు. మూడు మూలలు అయ్యాయి. నాలుగో మూల అన్నిటికన్నా లోతు. అక్కడికి అతను చేరకముందే, అవతలి వైపు నుంచి ఒక పెద్ద చెయ్యి వచ్చి ఆ మూలలో ఆనింది.

సుత్తి తాత చెయ్యి. అరచేయి కాదు, చేతి వెనక భాగం.

ముసలాయన ఒక్క క్షణం అట్లాగే ఉంచి, చెయ్యి తీసి, తల అడ్డంగా ఊపాడు. "నో, నో" అన్నాడు. గ్యాసు మంట గొట్టం వైపు చూపించాడు. గడియారం మీద వేలితో కొట్టి, రెండు చేతుల వేళ్ళూ రెండుసార్లు చూపించాడు. ఇరవై నిమిషాలు ఆగమని అర్థం.

ఇరవై నిమిషాలా? అక్కడ ఇనుము కాగి కూర్చుంది! అది ఆగుతుందా? ఆగితే చల్లారుతుంది. చల్లారిన ఇనుము పోస్తే అచ్చు మూలలదాకా పారదు, ముక్క అరకొరగా వస్తుంది. ఈ సంగతి మూడు తరాలుగా అచ్చులు కట్టినవాడికి తెలియదా? తెలిసే ఆగమంటున్నాడు! దొరికాడు దొంగ అనుకున్నాడు జయరామప్ప.

"మాకు తెలుసునులేప్పా! నీ ఫౌండ్రీ కాదిది, మాది!" అని తెలుగులోనే అరిచాడు. ఆయన మళ్ళీ ఆ మూలను చూపించాడు. తానెందుకు చెయ్యి పెట్టాలి? ఆయన పెట్టిన చోట తాను పెడితే, ఆయన చెప్పినమాట వింటున్నట్టు కాదూ? నలభై రెండు మంది చూస్తున్నారు. జయరామప్ప నడుం నిటారుగా చేసి, వేలు వైపు చెయ్యెత్తి, "దించప్పా!" అన్నాడు.

క్రేను కదిలింది. పై బాక్సు దిగి అచ్చు మూసుకుంది. ముసలాయన రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇనుము పోశారు. ఎర్రగా, నునుపుగా, ఒక్క చిందు లేకుండా లోపలికి దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. యజమాని జిలేబి తెప్పించాడు. జయరామప్ప తీసుకోలేదు. నాలుగో మూల దగ్గర గాలి పోయే కన్నంలోంచి మంట రావాల్సిన దానికన్నా కాస్త ఎక్కువసేపు, కాస్త పసుపుగా వచ్చింది. అది అతనొక్కడే చూశాడు. ముసలాయన కూడా చూశాడేమో. అటు తిరిగి కనుక్కునే ధైర్యం మాత్రం లేకపోయింది.

మూడు రోజులు చల్లారనిచ్చి అచ్చు పగలగొట్టారు. పీఠం బయటికొచ్చింది. ఇసుక దులిపి, శుభ్రం చేస్తే చూడముచ్చటగా ఉంది. పైకి ఒక్క మచ్చ లేదు. సుత్తి తాత కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, సుత్తి తీశాడు. టంగ్. అడుగు జరిగాడు. టంగ్. గుడి గంటలా మోగుతోంది ఇనుము. మొదటి మూల, రెండో మూల, మూడో మూల. అచ్చులు కట్టేవాళ్ళంతా ఆయన వెంటే అడుగడుగూ జరిగారు.

నాలుగో మూలలో సుత్తి పడింది. డబ్.

పుచ్చిన గుమ్మడికాయను తట్టినట్టు. మళ్ళీ కొట్టాడు. డబ్. ఆయన సుత్తి దించి, ఇంకెవరివైపూ కాదు, జయరామప్ప వైపే చూశాడు. హేమావతి ఇనుము లోపలి లోపాలు పట్టే తన మిషను తెచ్చి ఆ మూల మీద పెట్టి చూసింది. ఇనుము పై పొర కింద బుడగలు, పిడికెడంత జాగాలో. ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

షెడ్డులో ఒక్కసారిగా గోల లేచింది. "ఆయప్పే ఏందో చేసినాడు!" అన్నాడు వేలు అందరికన్నా ముందు. "చాకుతో గీకతా ఉంటే నేను కండ్లారా చూసినాను. ఫోటో ఉంది!" ఫోను చేతులు మారింది. చూసినవాడల్లా ఇంకొక మాట కలిపాడు. పది నిమిషాలకు ఆ చాకు మొన మీద నూనె ఉందన్నారు. అరగంటకు ఆ నూనె రంగు కూడా చెప్పారు.

మధ్యాహ్నం ధనుంజయ్ ఆఫీసుకు పిలిచాడు. టేబులు మీద ఒక కాగితం ఉంది.

"కంపెనీవాళ్ళకు కంప్లయింటు రాయించినాను. వాళ్ళు పంపిన మనిషికి మన మీద పాత పగ ఉంది, ఆయన ఫౌండ్రీ మన వల్ల మూతపడింది, పోతకు ముందు బాక్సును చాకుతో ఏదో చేసినాడు, ఫోటో ఉంది. ఈ కాగితం అందితే వాళ్ళు ఆయన్ని తీసేసి ఇంకొకర్ని పంపించాల్సిందే. రెండో ఛాన్సు వస్తాది. నువ్వు ఫోర్‌మన్‌వి. 'అచ్చు సరిగ్గా ఆరింది, నేను చెయ్యి పెట్టి చూసినాను' అని ఒక్క సంతకం పెట్టు. అంతే."

జయరామప్ప కాగితం వైపు చూశాడు. ఎంత బాగుంది ఆ మాట! ఆయనే చేశాడు. అట్లా అయితే తాను ఏమీ చేయనట్టే. నమ్మాలని ఎంతగా ఉందో! నిన్నటిదాకా నమ్మిందే కదా, ఈ రోజు ఎందుకు నమ్మబుద్ధి కావడం లేదు? కుడి చేతి వెనక భాగం ఎవరో చల్లటి నీళ్ళు చల్లినట్టు జిల్లుమంటోంది.

"ఒక పూట టైమియ్యండి సార్," అన్నాడు.

"దీంట్లో ఆలోచించేదేముందప్పా? నలభై రెండు మందివి కొంపలు!"

"దానికే సార్."

అక్కడి నుంచి తిన్నగా యార్డుకు పోయాడు. పగలగొట్టిన అచ్చు తాలూకు బాక్సులు ఒక మూల పేర్చి ఉన్నాయి. ముసలాయన గీకిన బాక్సు ఏదో అతనికి తెలుసు. ఏం మందు పెట్టాడో ఈ రోజు తేలిపోవాలి అనుకుని, ఇనుప బ్రష్షు తీసుకుని గీతలున్న చోట బలమంతా పెట్టి రుద్దాడు. మసి రాలింది. రంగు పొరలు రాలాయి. కింద నుంచి ఉబ్బెత్తు అక్షరాలు బయటపడ్డాయి. బాక్సును పోసినప్పుడే అందులో పోసిన అక్షరాలు. పరాయి భాష, చదవలేకపోయాడు. అంకెలు మాత్రం తెలిశాయి. 1951.

వెనక అలికిడయింది. సుత్తి తాత, పక్కన హేమావతి. సాయంత్రం ఆయన బెంగళూరు వెళ్ళిపోతున్నాడట, చివరిసారి చూసి పోదామని వచ్చాడట.

"ఏం రాసుందమ్మా దీని మీద?" అని అడిగాడు జయరామప్ప.

హేమావతి ఆయన్ని అడిగింది. ఆయన వంగి ఆ అక్షరాల మీద పెద్ద వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు.

"వాళ్ళ ఫౌండ్రీ పేరండీ," అంది హేమావతి. "మూసేశాక సామానంతా వేలం వేశారట. ఎవరు కొన్నారో తెలియదట ఆయనకు. ఈ బాక్సులు వాళ్ళ నాన్న పోయించినవట."

పన్నెండేళ్ళుగా రోజూ కాలు పెట్టి ఎక్కిన బాక్సు. ఎండాకాలంలో దాని మీదే చొక్కా ఆరేసుకున్నాడు.

"అందుకే మా మీద కోపమా అని అడుగమ్మా. ఉన్నది ఉన్నట్ల అడుగు."

ముసలాయన విని, బాక్సు అంచు మీద కూర్చున్నాడు. తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు. హేమావతి ఆగి ఆగి చెప్పుకొచ్చింది.

"పంతొమ్మిదేళ్ళ కిందట మొదటి పోత ముక్క హోసూరు నుంచి జర్మనీకి వచ్చిందట. ఏదో పెద్ద పంపు తొడుగు. బాగుందో లేదో చెప్పమని కొనేవాళ్ళు ఈయన్నే పిలిచారట, ఆ చుట్టుపక్కల ఇంత మంచి చెవి ఇంకెవరికీ లేదని. ఈయనకు తెలుసట, అది బాగుంటే తన ఫౌండ్రీకి పని ఉండదని. అది పుచ్చు కావాలని కోరుకున్నారట. రెండు రోజులు కొట్టారట. అంగుళం అంగుళం. ఎక్కడ కొట్టినా మోగిందట."

"ఏం చేసినాడంట?"

"బాగుంది అని రాసిచ్చారట. మూడు వందల మంది పని పోయిందట. వాళ్ళ తమ్ముడు ఇప్పటికీ మాట్లాడడట."

చినుకులు మళ్ళీ మొదలయ్యాయి. జయరామప్పకు ఆ ముక్క గుర్తొచ్చింది. పంపు తొడుగు. తాను ఉద్దనపల్లి నుంచి సైకిలు మీద వచ్చేవాడు అప్పుడు. విదేశానికి పోయే మొదటి ముక్క అని కొబ్బరికాయ కొట్టి, అందరూ దాని చుట్టూ నిలబడి ఫోటో దిగారు. ఆ అచ్చు మూసింది తానే. అన్ని మూలలకూ చెయ్యి పెట్టి మరీ.

"ఆ ముక్క నేనే చేసినానని చెప్పమ్మా," అన్నాడు.

హేమావతి చెప్పింది. ముసలాయన తలెత్తి చూశాడు. మొహంలో కోపం వస్తుందేమోనని జయరామప్ప ఎదురుచూశాడు. వస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆయన చెయ్యి చాపి జయరామప్ప కుడి చెయ్యి పట్టుకుని తిప్పి, వెనక భాగం చూశాడు. అంతే. ఇంతకన్నా చెంప మీద కొట్టి ఉంటే నయం.

జయరామప్ప ఆఫీసుకు నడిచాడు. తలుపు తట్టలేదు.

"నాలుగో మూలలో నేను చెయ్యి పెట్టలేదు సార్. ఆయన పెట్టినాడు, తడి ఉందని చెప్పినాడు, ఆగమన్నాడు. ఫర్నేసును వేడి మీదే పెట్టుకొని ఆగింటే సరిపోయేది, నేను వినలేదు. ఆయన మనల్ని ముంచేదానికి ఆపుతా ఉండాడని అనుకొని మూయించినాను. తప్పు నాది. ఈ కాగితం మీద నా సంతకం పడదు."

ధనుంజయ్ మొహం కందగడ్డయింది. "సంతకం పెట్టి ఉంటే బతికిపోతా ఉంటిమి కదయ్యా! సత్యహరిశ్చంద్రుడివి నువ్వు! ఇప్పుడా నీకు బుద్ధొచ్చేది?"

"ఇప్పుడే వచ్చింది సార్. ఆలస్యమే."

యజమాని కాగితం చింపి పారేశాడు, కోపంతో. ఆ కోపంలోనే ఇంకొక మాట అన్నాడు. "రేపటి నుంచి నువ్వు ఆ షెడ్డుకు ఫోర్‌మన్ కాదు. యతీశ్ చూసుకుంటాడు. నువ్వు పోయి ఇసుక కలిపే మిషను కాడ నిలబడు." యతీశ్ అంటే జయరామప్ప చెయ్యి పట్టుకుని పని నేర్పినవాడు. ముప్ఫై రెండేళ్ళ కుర్రాడు. తెలివైనవాడు. అదే ఇంకా బాధ.

వెళ్ళే ముందు సుత్తి తాత రిపోర్టు రాశాడు. ఫెయిల్. కారణం అని ఉన్న గడిని ఖాళీగా ఉంచి, ఫోర్‌మన్ నోట విన్నాకే నింపుతానని కూర్చున్నాడట. జయరామప్ప వచ్చి చెప్పిందంతా హేమావతి ఇంగ్లీషులో చెబితే అక్షరం మార్చకుండా రాసుకున్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసినవాళ్ళకు రెండోసారి ఇవ్వడం ఆ కంపెనీ పద్ధతి. తెలియనివాళ్ళకు, పక్కవాళ్ళ మీదకు నెట్టేవాళ్ళకు ఇవ్వరు. ఒక్క ముక్క, ఇంకొక్క అవకాశం. ఇది తెలిశాక కూడా ధనుంజయ్ మనసు మారలేదు. ఫోర్‌మన్ యతీశే.

రెండో ముక్కను యతీశ్ పోయించాడు. జయరామప్ప ఇసుక మిషను దగ్గర నుంచి చూశాడు. కుర్రాడు నాలుగు మూలలకూ చేతి వెనక భాగం ఆనించాడు. ఇనుము కరిగేలోపే నాలుగో మూలకు గ్యాసు మంట పెట్టి ఇరవై నిమిషాలు ఆరబెట్టి, మళ్ళీ ఆనించాడు.

సుత్తి తాత మళ్ళీ వచ్చాడు. ఈసారి గేటు దగ్గర ఏమీ కొట్టలేదు. షెడ్డులోకి వచ్చి, పీఠం ముందు నిలబడి, సుత్తి తీసి, చుట్టూ చూశాడు. ఇసుక మిషను వైపు నడిచి వచ్చి, దాన్ని జయరామప్ప చేతిలో పెట్టాడు.

"మిమ్మల్నే కొట్టమంటున్నారు," అంది హేమావతి.

జయరామప్ప పీఠం దగ్గరికి నడిచాడు. నలభై రెండు మందీ నిలబడి ఉన్నారు. పనివాళ్ళంతా తనవాళ్ళే. మొదటి మూల కొట్టాడు. మోగింది. రెండోది మోగింది. మూడోది మోగింది. నాలుగో మూల ముందు అతని చెయ్యి గాలిలో ఆగింది.

ఎందుకాగిందో అతనికి తెలుసు. ఇది మోగితే షెడ్డు నిలుస్తుంది. ఇది మోగితే యతీశ్ గొప్పవాడవుతాడు, జయరామప్ప లేకపోయినా పని జరుగుతుందని తేలిపోతుంది, ఇక బతికినన్నాళ్ళూ ఇసుక మిషనే. లోపల ఎక్కడో, పాము బుస కొట్టినట్టు ఒక కోరిక లేచింది. డబ్ అనాలి. ఒక్కసారి డబ్ అంటే చాలు, మళ్ళీ అందరూ "జయరామప్ప ఉంటే ఇట్లా అయ్యేది కాదు" అంటారు. ఛీ! అనుకున్నాడు. తన గుండెలోంచే వచ్చిందా ఈ మాట? ఇన్నాళ్ళూ ఎవరి మీదో పెట్టిన అనుమానమంతా తిరిగి వచ్చి తన మీద వాలింది.

తలెత్తాడు. ముసలాయన అతన్నే చూస్తున్నాడు. ఆ చూపు ఆయన ఏ పంపు తొడుగు ముందు నిలబడి నేర్చుకున్నాడో ఇప్పుడు తెలిసింది.

జయరామప్ప గట్టిగా కొట్టాడు. ఇనుము ఖంగుమని మోగింది. రేకుల దాకా పోయి, తిరిగొచ్చి, ఇంకా కాసేపు మోగుతూనే ఉంది. ఇంకొకసారి కొట్టాడు, ఇంకా గట్టిగా. ఎక్కడా పుచ్చు లేదు.

"బాగుంది," అన్నాడు అందరికీ వినపడేటట్లు. "యతీశూ, బాగా చేసినావప్పా."

సుత్తిని ముసలాయనకు తిరిగిచ్చి, ఇసుక మిషను దగ్గరికి వెళ్ళి స్విచ్చి వేశాడు.